గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక వదలని నొప్పికి ఈ పెయిన్ క్లినిక్: ఐదుకి నాలుగు స్టార్లు, ఎందుకో వివరంగా

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను గానీ, ముందు ఇది ఎవరి కోసం రాస్తున్నానో చెప్తాను. గర్భసంచిలోనో, అండాశయాల్లోనో, ముఖద్వారం దగ్గరో క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది, తర్వాత స్కానింగులన్నీ బాగానే వస్తున్నాయి, గాయం పైకి మానిపోయింది, కానీ నొప్పి మాత్రం వదలడం లేదు, ఎవరికి చెప్పుకున్నా "క్యాన్సరే పోయింది కదా, ఇంకేం కావాలి" అంటున్నారు, అందుకని చెప్పుకోవడమే మానేసిన ఆడవాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నేను సూర్యాపేటలో బట్టలు కుడతాను. జాకెట్లు, ఫాల్స్, పిల్లల గౌన్లు. నాకు వచ్చింది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్, మొదటి స్టేజిలోనే బయటపడింది. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకి ఇది వస్తోంది, అంటే నాలాంటి వాళ్లు దాదాపు ప్రతి ఊళ్లో ఉంటారు, బయటికి చెప్పుకోరు, అంతే. ఆరోగ్యశ్రీ మీద పెద్దాపరేషన్ జరిగింది. గర్భసంచి ఒక్కటే తీసేసి కుట్లేసే ఆపరేషన్ కాదిది, చుట్టుపక్కల కండ, యోని పైభాగం కొంత, పొత్తికడుపులో రెండు పక్కలా ఉండే లింఫ్ గ్రంథులు కూడా తీస్తారు. ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ప్రాణం నిలబెట్టారు, ఆ డాక్టర్లకి నేను రుణపడి ఉంటాను, అందులో రెండో మాట లేదు.

కానీ తర్వాత మొదలైంది అసలు బాధ. అడ్డకోత మచ్చకి ఎడమ చివర ఎప్పుడూ మంట. లంగా నాడా అక్కడ తగిలితే చాలు, జివ్వుమని గజ్జల్లోకి, అక్కడినుంచి తొడ లోపలి వైపుకి కరెంటు పాకినట్టు పోయేది. ఆ పక్కనే అరచేయంత మేర చర్మం మొద్దుబారి ఉంటుంది, గిల్లినా తెలియదు. దానికి తోడు కింద, కూర్చునే చోట లోపలికి ఒక బిగుతు, పోటు. మిషన్ ముందు కూర్చుని కాళ్లతో తొక్కుతుంటే ఒక జాకెట్ చేతులు ఎక్కించేలోగా లేవాల్సి వచ్చేది. ఎడమ కాలు సాయంత్రానికి వాచి బరువెక్కేది. రాత్రిపూట మంట ఎక్కువ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిన బట్టలు వెనక్కి పంపేశాను, పాత కస్టమర్లు వేరే చోటికి పోయారు. మా ఆయనతో ఒక మంచం మీద పడుకోవడానికి కూడా భయం వేసేది, ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను, ఎందుకంటే ఈ క్లినిక్ గురించి చెప్పాలంటే అది చెప్పక తప్పదు.

ఆపరేషన్ చేసిన చోట చెకప్‌కి వెళ్లినప్పుడల్లా చెప్పాను. "రిపోర్టులు బాగున్నాయమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అన్నారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, మందుల షాపులో నొప్పి మాత్రలు, కడుపులో మంట, దానికి మళ్లీ గ్యాస్ మాత్ర. ఆ మాత్రలతో మచ్చ దగ్గర మంట ఒక్క రోజు కూడా తగ్గలేదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక నర్సమ్మ నేను వంగలేక వంగలేక కొలత తీసుకోవడం చూసి, నొప్పికి ప్రత్యేకంగా డాక్టర్లు ఉంటారని, హైదరాబాద్‌లో ఈ క్లినిక్‌కి వెళ్లమని చెప్పింది. అప్పటిదాకా అలాంటి డాక్టర్లు ఉంటారని నాకు తెలియదు. వీళ్లు మత్తు డాక్టర్లు, ఆపరేషన్లకి మత్తు ఇచ్చేవాళ్లే నొప్పి మీద ఇంకా పై చదువు చదివి ఇందులోకి వస్తారట.

మొదటిసారి మా ఆడబిడ్డ తోడొచ్చింది. బయట బోర్డు మీద "నొప్పి నివారణ, పాలియేటివ్ కేర్" అని చదివి అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. పాలియేటివ్ అంటే ఇక చివరి రోజుల వాళ్లకని ఆవిడ ఎక్కడో విన్నది. డాక్టరమ్మ ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, క్యాన్సర్ ఏ దశలో ఉన్నా, తగ్గిపోయినా కూడా, బాధ తగ్గించే వైద్యం అదని, చివరి రోజుల వాళ్లని చూసినట్టే తగ్గిపోయి ఇంటికెళ్లిన వాళ్లనీ చూస్తామని నిదానంగా చెప్పింది. ఆ గదిలో గోడ మీద సిసిలీ సాండర్స్ అనే ఆవిడ ఫోటో ఉంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు, పెట్టిన ఆవిడ. క్యాన్సర్ మనిషి నొప్పి ఒంట్లో ఒక్క చోటే ఉండదు, మనసులో, ఇంట్లో, డబ్బులో కూడా ఉంటుంది, అన్నిటినీ కలిపి చూడాలి అని చెప్పిన డాక్టరట. మా ఆడబిడ్డ ఏడుపు ఆపాక నా వంతు వచ్చింది.

నాకు నచ్చిన మొదటి విషయం అడిగిన తీరు. ఎక్కడ నొప్పి అని అడిగి ఊరుకోలేదు. ముందూ వెనకా మనిషి బొమ్మ ఉన్న కాగితం ఇచ్చి ఎక్కడెక్కడో పెన్సిల్‌తో నింపమన్నారు. మంటా, పోటా, సలుపా, సూదులు గుచ్చినట్టా, షాక్ కొట్టినట్టా, తిమ్మిరా, దురదా, ఒక్కొక్కటి విడివిడిగా అడిగి టిక్ పెట్టుకున్నారు. ఈ ప్రశ్నలు కొన్ని, చర్మం మీద చేసే పరీక్షలు కొన్ని కలిపి పది అంశాల పట్టిక ఉంటుందట, నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అది నరాల నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. నాకు ఏడు వచ్చాయి. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అంటే నేను చెప్పలేకపోయాను, అప్పుడు నర్సు, "రాత్రి నిద్రలోంచి లేపుతుందా? మిషన్ తొక్కుతుంటే ఎంత, నిలబడితే ఎంత?" అని విడగొట్టి అడిగింది. అలా అడిగితే చెప్పగలిగాను.

తర్వాత డాక్టరమ్మ ఒక దూది పోగు తీసుకుని మచ్చ మీద, దాని చుట్టూ, తొడ మీద మెల్లగా రాసింది. కుడి పక్క ఏమీ లేదు. ఎడమ చివర దూది తగలగానే నేను బల్ల మీదే ముడుచుకుపోయాను. దూదికి నొప్పేంటి అని నాకే అనుమానం వచ్చేది ఇన్నాళ్లూ. ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఎక్కడ దూది నొప్పిగా ఉందో, ఎక్కడ అసలు తెలియడం లేదో, రెండింటికీ చర్మం మీద పెన్నుతో గీతలు గీసి, మేం పేపర్ కటింగ్ గీసుకున్నట్టే, ఫోన్‌లో నాకే ఫోటో తీసి ఇచ్చింది. ఆ గీత లోపల ఉన్న చోటు ఒకే నరం పరిధి. దాని పేరు ఇలియోఇంగ్వైనల్ నరం. అడ్డకోత చివర్లోనే ఉంటుంది కాబట్టి కోతలోనో, కుట్టులోనో, మచ్చ గట్టిపడ్డాకో అది చిక్కుకోవచ్చు. గ్రంథులు తీసేటప్పుడు ఇంకా కొన్ని నరాలు కూడా లాగుడుకు గురవుతాయట. డాక్టర్ తప్పు చేస్తేనే ఇలా అవుతుందని లేదు, ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి అవుతుంది అంది.

మందు మాత్రం ఆ రోజే ఇవ్వలేదు. కొత్తగా ఎంఆర్ఐ తీయించుకుని, క్యాన్సర్ డాక్టర్‌కి చూపించి రమ్మంది. నొప్పి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ తిరగబెట్టినట్టు కాదు గానీ, తిరగబెట్టలేదని తేల్చుకోకుండా నొప్పిని అణిచేయకూడదు, పైగా రేడియేషన్ తీసుకున్నవాళ్లకి కటి ఎముకల్లో సన్నని పగుళ్లు రావచ్చు, అదీ చూడాలి అని చెప్పింది. మళ్లీ ఖర్చు అని మా ఆయన గొణిగాడు. నాకైతే ఆ జాగ్రత్త నచ్చింది. ఎంఆర్ఐ రిపోర్ట్ వచ్చేదాకా పడ్డ టెన్షన్ మాత్రం మాటల్లో చెప్పలేను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఫైల్ మీద జబ్బు పేరు పక్కన ఎంజీ30 అని ఒక కోడ్ రాశారు. అదేంటని అడిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్తది 2022 నుంచి అమల్లోకి వచ్చిందట, అందులో దీర్ఘకాలిక నొప్పికి సొంతంగా ఒక చోటు ఇచ్చారు, ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటినా వదలని నొప్పి, క్యాన్సర్ వల్లా దాని వైద్యం వల్లా వచ్చే నొప్పి, రెండూ అందులో ఉన్నాయి. ఇంటికొచ్చి ఆ కాగితం మా ఆయనకి చూపించాను. ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుంటున్నావు అన్న మనిషి ఆ రోజు ఏమీ అనలేదు, మర్నాడు నీళ్ల బిందె తనే మోసుకొచ్చాడు.

ఇక మందులు. నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు, అందుకే నేను మింగినవన్నీ వృథా అయ్యాయి. ఈ నొప్పికి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటివి వాడతారు. మొదటి రెండింటితో కొందరికి కాళ్లు వాస్తాయి, నా ఎడమ కాలు ముందే వాచి ఉంది కాబట్టి ఈసీజీ తీసి అమిట్రిప్టిలిన్ చిన్న డోసు రాత్రిపూట వేసుకోమంది. మెల్లగా పెంచింది. మొదట్లో నోరు ఎండిపోయేది, పొద్దున లేవాలంటే మత్తుగా ఉండేది, మలబద్ధకం కూడా వచ్చింది, అవన్నీ ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. రెండు మూడు వారాలు ఆగాలి, ఒక్క రాత్రిలో తేడా రాదు, నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానేయొద్దు అని కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది. ఇంకో మాట కూడా ముందే చెప్పింది, అదే నన్ను కాపాడింది: ఈ మందు డిప్రెషన్‌కి కూడా ఇస్తారు, మందుల షాపులో ఎవరో ఒకరు అంటారు, కంగారు పడొద్దు, నరాల నొప్పికి ఇచ్చేది తక్కువ డోసు అని. సరిగ్గా అలాగే జరిగింది. షాపు అబ్బాయి మా ఆయనతో "అన్నా, ఇది మనసు బాగోలేనివాళ్లకి ఇచ్చే మందు" అన్నాడు. నేను ఆ కాగితం చూపించాను, గొడవ అక్కడితో ఆగింది.

మందుతో రాత్రి మంట సగానికి తగ్గింది, నిద్ర పట్టింది. మచ్చ చివర జివ్వుమనడం మాత్రం పోలేదు. దానికి నరం బ్లాక్ చేశారు. చిన్న గదిలో, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదితో ఆ నరం పక్కన మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి వేస్తారు. తెర నా వైపు తిప్పి సూది ఎక్కడుందో చూపించారు. నొప్పి చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతకుమించి లేదు. లేచి కూర్చుంటే ఎడమ పక్క నిశ్శబ్దం అయిపోయింది, లంగా నాడా కట్టుకుని గదిలో అటూ ఇటూ నడిచాను. కొన్ని వారాలకి తిరిగి వచ్చింది, కానీ ముందున్నంత తీవ్రంగా రాలేదు, తర్వాత ఇంకోసారి వేయించుకున్నాక ఇంకా ఎక్కువ రోజులు ఆగింది. ఇది అందరికీ ఒకేలా పనిచేయదని, కొందరికి అస్సలు పనిచేయదని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. గ్యారంటీ ఇస్తామనే చోట్లకి నేను వెళ్లను, వీళ్లు ఇవ్వలేదు కాబట్టే నమ్మాను. "పూర్తిగా పోతుందని చెప్పనమ్మా, నువ్వు మళ్లీ మిషన్ మీద కూర్చునేలా చేద్దాం" అంది డాక్టరమ్మ.

ఆ కూర్చోబెట్టింది మాత్రం ఫిజియో అమ్మాయి. నాలుగు స్టార్లలో రెండు ఆ పిల్లవే. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ అంటారు, కటి కింద తట్టలా పరుచుకుని ఉండే కండరాలకి వైద్యం. గది తలుపు లోపల గడియ పెట్టి, ప్లాస్టిక్ ఎముకల బొమ్మ తీసి ఏ కండ ఎక్కడుందో చూపించింది. నొప్పికి భయపడి ఆ కండలు ఎప్పుడూ బిగబట్టే ఉంటాయి, బిగుతు వల్ల మళ్లీ నొప్పి, నొప్పికి మళ్లీ బిగుతు. నాకు ఎవరెవరో వీడియోలు చూసి కీగెల్ వ్యాయామం చేయమని సలహా ఇచ్చారు. బిగుసుకుపోయిన కండల్ని ఇంకా బిగించడం నీకు పనికిరాదక్కా, ముందు వదలడం నేర్చుకోవాలి అంది. కడుపు నిండా గాలి పీల్చి వదిలేటప్పుడు కిందిభాగం జారవిడవడం, బాలాసనం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకి దగ్గరగా తెచ్చుకోవడం, మచ్చని వేళ్లతో చుట్టూ కదపడం, ఇవీ నేర్పింది. దూది తగిలితే ఓర్చుకోలేని చోట మొదట పట్టుగుడ్డ, తర్వాత మల్లు గుడ్డ, తర్వాత తువ్వాలు, ఇలా రోజూ కాసేపు రాయమంది, నరానికి స్పర్శ మళ్లీ అలవాటు చేయడానికి. గుడ్డలకి నా దగ్గర కొదవేముంది, సైజుల వారీగా కత్తిరించి డబ్బాలో పెట్టుకున్నాను.

లోపలి పరీక్ష అవసరమైతేనే, అదీ అడిగి, చెయ్యి ఎత్తితే అక్కడే ఆపేస్తానని చెప్పి చేసింది. నేను చెయ్యి ఎత్తాను, ఆపేసింది. ఇది చాలా పెద్ద విషయం. క్యాన్సర్ వైద్యంలో మన ఒళ్లు మనది కానట్టే ఉంటుంది, ఎవరొచ్చినా చూస్తారు, ఎవరొచ్చినా ముట్టుకుంటారు. ఇక్కడ మొదటిసారి నా మాట మీద ఒక చెయ్యి ఆగింది.

రేడియేషన్ తర్వాత యోని మార్గం సన్నబడి అతుక్కుపోతుందని, అలా కాకుండా డైలేటర్లు, అంటే లోపల కాసేపు పెట్టుకునే నున్నటి కడ్డీల్లాంటివి, వాడాలని నాకు రేడియేషన్ ఇచ్చిన చోట ఎవరూ చెప్పలేదు. రేడియేషన్ అయ్యాక లోపలి పుండు, వాపు తగ్గిన కొన్ని వారాలకే మొదలుపెట్టాలట. ఆలస్యమైనా ఫరవాలేదని ఈ అమ్మాయి చిన్న సైజుతో, నీళ్ల ఆధారంగా చేసిన జెల్లీతో ఎలా వాడాలో చెప్పింది. ఇది కాపురం కోసమే కాదు, తర్వాత చెకప్‌లో డాక్టర్ లోపల చూడగలగాలన్నా అవసరం. నా అనుమతి తీసుకుని మా ఆయన్ని కూడా పిలిచి, తొందర పెట్టొద్దని, ఇది క్యాన్సర్ అంటుకునే వ్యవహారం కాదని, రేడియేషన్ ఆయనకి రాదని స్పష్టంగా చెప్పారు. ఆయనకి ఆ భయం ఉందని నాకే తెలియదు. ఏ ఇంట్లో ఇవన్నీ మాట్లాడుకుంటారు చెప్పండి.

వాచిన కాలు సంగతి. గ్రంథులు తీసేస్తే నీరు పైకి ఎక్కే దారి తగ్గి కాల్లోనే నిలుస్తుంది, లింఫెడీమా అంటారు. చీలమండ, పిక్క, మోకాలు, తొడ, ప్రతి చోటా గుర్తు పెట్టి రెండు కాళ్లకీ టేపుతో కొలతలు తీసి రాసుకున్నారు. ఆ పిల్ల టేపు కాస్త వదులుగా పట్టుకుంటుంటే ఎలా పట్టుకోవాలో నేను చూపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. కట్టు కట్టి వాపు తగ్గించాక క్లాస్ 2 కంప్రెషన్ స్టాకింగ్, అంటే కాలిని బిగుతుగా పట్టి ఉంచే పొడుగు మేజోడు, ఇచ్చారు. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, వాపు ఎక్కాక వేసుకుంటే ఎక్కదు. మే నెలలో సూర్యాపేట ఎండల్లో అది వేసుకుని ఉండడం నరకమే, అబద్ధం చెప్పను. కానీ వేసుకున్న రోజు సాయంత్రం కాలు బరువు ఉండదు. చెప్పులు లేకుండా తిరగొద్దు, ఆ కాలికి దెబ్బ తగలనీయొద్దు, ఎర్రగా వేడిగా అయి జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి అన్నారు.

మిషన్‌కి మోటార్ పెట్టించుకోమన్నది కూడా ఫిజియోనే. పెట్టించుకున్నాను. మధ్యలో ఖాళీ ఉండే దిండు వేసుకుని కూర్చుంటాను, ఫోన్‌లో అలారం మోగితే లేచి కటింగ్ బల్ల దగ్గర నిలబడి పని చేస్తాను. కూర్చుని చేసే పని, నిలబడి చేసే పని విడదీసుకున్నాక రోజుకి ముందు కుట్టినన్ని కాకపోయినా చెప్పుకోదగ్గన్ని జాకెట్లు కుడుతున్నాను. లంగాలకి నాడా తీసేసి నాలుగు వేళ్ల వెడల్పు మెత్తటి పట్టీ, పక్కన బొందు బదులు హుక్కులు పెట్టి కుట్టుకున్నాను. అది చూసి ఫిజియో ఇంకొందరికి కుట్టివ్వమని అడిగింది, ఇప్పుడు క్లినిక్ ద్వారా ఆర్డర్లు వస్తున్నాయి. పొట్ట మీద కోత ఉన్న ఎవరైనా మీ దర్జీకి చెప్పి ఇలా కుట్టించుకోండి, చాలా తేడా ఉంటుంది.

ఒక గొడవ కూడా ఇక్కడే తీరింది. పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్‌లో చేయించుంటే ఈ నొప్పి ఉండేది కాదని మా వాళ్లు నన్నూ మా ఆయన్నీ తెగ అనేవాళ్లు. డాక్టరమ్మని అడిగాను. 2018లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయట, ముఖద్వారం క్యాన్సర్‌కి ఈ పెద్దాపరేషన్ కీహోల్‌లో చేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, చనిపోవడం ఎక్కువగా కనిపించాయి, అప్పటినుంచి పొట్ట కోసి చేయడమే మంచిదని చాలాచోట్ల మళ్లారు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ సంగతి వేరు, దానికి కీహోల్ బాగానే ఉంటుందట. ఈ మాట విన్నాక మా ఆడబిడ్డ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు తగ్గించిన స్టార్ సంగతి. వెయిటింగ్ హాల్లో బస్టాండ్లో ఉండే స్టీలు కుర్చీలు వేశారు. కింద కూర్చోలేక వచ్చేవాళ్లకి, వాచిన కాళ్లవాళ్లకి అవా వేసేది? గంటలకొద్దీ గోడకి ఆనుకుని నిలబడ్డాను. రిసెప్షన్లో అబ్బాయి హాలంతా వినబడేలా "అమ్మా, మీది ఏ క్యాన్సర్?" అని అడుగుతాడు. ఆడవాళ్లు తలొంచుకుని చెప్తారు, ఒకామె చెప్పలేక కడుపు నొప్పి అని రాయించుకుంది, తర్వాత డాక్టర్ గదిలో మొదటినుంచీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఒక కాగితం ఇచ్చి రాయమంటే సరిపోతుంది కదా, రాయలేనివాళ్లకి నర్సు పక్కకి పిలిచి అడగొచ్చు. ఇది నేను లోపల చెప్పాను, మార్చలేదు. ఫోన్ ఎప్పుడూ ఎత్తరు. వాళ్ల మందుల షాపులో ఖరీదైన బ్రాండే ఇస్తారు, మందు పేరు చూసుకుని జన ఔషధి షాపులో అడగండి, చాలా తక్కువకి దొరుకుతుంది. నాకు ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కి, రేడియేషన్‌కి వచ్చింది గానీ ఇక్కడ ఫీజు, ఫిజియో, స్టాకింగ్ అన్నీ చేతి డబ్బులే. కుట్టుపని చేసేవాళ్లకి ఇది చిన్న మొత్తం కాదు. క్యాన్సర్ తీసే ఖర్చు ప్రభుత్వం పెట్టుకున్నప్పుడు, దాని వెంట వచ్చే నొప్పి తీసే ఖర్చు కూడా పెట్టుకోవాలి, ఇది నేను గట్టిగా అంటున్నాను.

డబ్బు కట్టలేనివాళ్లు ఆగిపోవద్దు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టారు, కదలలేనివాళ్ల ఇళ్లకి ఆలన అనే పేరుతో పాలియేటివ్ కేర్ బండ్లు వస్తాయి. విశాఖ వైపు వాళ్లకి అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడ అడగండి. ఒకరోజు హాల్లో నా పక్కన నిలబడ్డ అబ్బాయి వాళ్లమ్మకి మార్ఫిన్ మాత్రలు రాశారని భయపడుతున్నాడు, అలవాటైపోతుందని. నాకు అది అవసరం పడలేదు గానీ డాక్టరమ్మ అతనికి చెప్పింది విన్నాను: క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన లెక్కలో వాడితే భయపడాల్సిన పని లేదు, 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల దొరకడమే కష్టంగా ఉండేది, 2014లో చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులకి కాస్త సులువైంది, దొరికినప్పుడు అమ్మని బాధపడనివ్వొద్దు అని.

ఇప్పుడు నా నొప్పి ఎంత అని అడిగితే మూడు అంటాను, చలికాలంలో, పని ఎక్కువైన రోజు ఐదు. మొదట ఎనిమిది. పూర్తిగా పోలేదు. రాత్రి నిద్రపోతున్నాను.

దూరం నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు గానీ సీటు దొరకడం కష్టం, నేను డబ్బు పెట్టి సూపర్ లగ్జరీలోనే వస్తాను, దిండు వెంట తెచ్చుకుంటాను, దారిలో ఆగిన చోటల్లా దిగి నడుస్తాను. ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ ఎంత ఇచ్చారో రాసిన కాగితం, వాడుతున్న మందుల స్ట్రిప్పులు, అన్నీ తెచ్చుకోండి, లేకపోతే మొదటి రోజు వృథా. కొత్తవాళ్లకి ఫీజు ఏడువందలు. ఫిజియో అమ్మాయి మంగళ, శుక్రవారాలు మాత్రమే ఉంటుంది, ఫోన్ కోసం చూడకుండా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, సాయంత్రంలోగా టైమ్ చెప్తారు.